పోల్చి చూడటానికి వదిలేసిన నోళ్లు

1970లో నార్వే దంత పరిశోధకుడు హరాల్డ్ లోయె, ఆయన సహచరులు శ్రీలంకలోని తేయాకు తోటలకు వెళ్లారు. అక్కడ పనిచేసే 480 మంది తమిళ కూలీలను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి నోరు తెరిపించారు. అందరూ మగవాళ్లే, 14 నుంచి 31 ఏళ్ల లోపువాళ్లు. మిల్లీమీటరు గీతలున్న సన్నని సలాకను పంటి పక్కన చిగురు సందులోకి దించి, చిగురు పంటిని ఎంత లోతు దాకా వదిలేసిందో రాసుకున్నారు. ఆ కూలీలకు పళ్ల బ్రష్షు అంటే తెలియదు. దంతవైద్యుడి గడప తొక్కింది లేదు. పళ్ల నిండా పాచి, గార, మరకలు. ఎవరి చిగుళ్లు చూసినా వాచే ఉన్నాయి. వింత ఏమిటంటే, అన్ని నోళ్లలో వెతికినా పిప్పిపళ్లు దాదాపుగా కనిపించలేదు.

పరిశోధకులు 1971, 1973, 1977, 1982, 1985లలో మళ్లీ మళ్లీ వెళ్లి అదే సలాకతో అవే పళ్లను కొలిచారు. చివరిసారికి 161 మంది మిగిలారు. 1986లో ఫలితాలు అచ్చయ్యాయి. నూటికి 81 మందిలో చిగుళ్ల వ్యాధి ఓ మోస్తరు వేగంతో ముదిరింది. 8 మందిలో పరుగులు తీసింది. 11 మందిలో చిగుళ్ల వాపు దగ్గరే ఆగిపోయింది, అంతకు మించి అడుగు వేయలేదు. 35 ఏళ్లు వచ్చేసరికి మొదటి వర్గం పంటి పట్టులో సగటున 4 మిల్లీమీటర్లు పోగొట్టుకుంది. రెండో వర్గం 9 మిల్లీమీటర్లు. మూడో వర్గం ఒక్క మిల్లీమీటరు కూడా పోగొట్టుకోలేదు. పంటి వేరు పొడవు సుమారు 13, 14 మిల్లీమీటర్లు ఉంటుందని గుర్తు చేసుకుంటే 9 మిల్లీమీటర్లు పోవడమంటే ఏమిటో అర్థమవుతుంది: మొక్కజొన్న తింటే పన్ను ఊగుతుంది.

అదే తోట, అదే పని, అదే తిండి, అంతే పాచి. అయినా మూడు రకాల గతులు. పాచి ఉంటే చిగుళ్లు వాస్తాయి, వాచిన చిగుళ్లు వయసుతోపాటు పళ్లను రాల్చేస్తాయి అని అప్పటిదాకా అందరూ ఒకే గీత గీసేవారు. ఆ గీత అందరికీ ఒకేలా సాగదని, మనిషి శరీరం పాచికి ఎలా స్పందిస్తుందనేది వేరే లెక్క అని ఆ కూలీల నోళ్లు చెప్పాయి. ఈ రోజు చిగుళ్ల వైద్య విద్యార్థి చదివే పాఠంలో సగం దీని మీద కట్టినదే.

అయితే ఆ లెక్క తేలడానికి కారణం, ఆ నోళ్లలో వ్యాధి తన దారిన తాను నడవడమే. ఎవరైనా మధ్యలో గార తీసి బ్రష్షు చేతికిచ్చి ఉంటే వ్యాధి సహజ గమనం కనిపించేది కాదు. నోటి వ్యాధుల పరిశోధన చరిత్ర ఏ పేజీ తిప్పినా ఇదే ఇబ్బంది ఎదురవుతుంది. చికిత్స అందుకున్నవారి కంటే అందనివారి వల్లే ఎక్కువ తెలిసింది. కాబట్టి ఫలానా మందు పనిచేస్తుందని చదివినప్పుడు ముందు అడగాల్సింది ఒకటే: దేనితో పోల్చారు, ఎవరి నోటితో పోల్చారు?

చికిత్స ఆపి చూడటం అన్నిసార్లూ ఇంత బరువైన వ్యవహారం కాదు. అదే లోయె 1965లో డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం మాన్పించాడు. వారిలో ఎక్కువమంది దంతవైద్య విద్యార్థులే. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టగానే వారం రోజుల్లో సర్దుకున్నాయి. చిగుళ్ల వాపుకు విటమిన్ల లోపమో మరొకటో కాదు, పాచే కారణమని అంత సూటిగా అంతకు ముందు ఎవరూ చూపలేదు. ఏం చేస్తున్నారో తెలిసిన పన్నెండు మంది, మూడు వారాలు, తిరిగి మొదటి స్థితికి రాగల మార్పు. తేయాకు తోటకూ దీనికీ తేడా అదే.

మన దగ్గర ఇప్పటికీ వినిపించే మాట ఒకటి ఉంది: క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి. చూసినదాన్ని బట్టే ఆ మాట పుట్టింది గానీ, కారణం తలకిందులుగా అర్థమైంది. వ్యాధి ఎముకను ఎప్పుడో కరిగించి ఉంటుంది. పళ్ల మధ్య గట్టిపడ్డ గార సిమెంటులా వాటిని పట్టి ఉంచుతుంది. గార తీయగానే, వాపు తగ్గి చిగురు కిందికి దిగగానే, అప్పటికే పోయిన పట్టు బయటపడుతుంది. నేరం క్లీనింగ్ మీద పడుతుంది.

చూపును నమ్మితే ఇలా మోసపోవడం పెద్ద పరిశోధనలకూ తప్పలేదు. చిగుళ్ల వ్యాధి ఉన్న గర్భిణులకు నెలలు నిండకుండా కాన్పు అయ్యే అవకాశం ఎక్కువని 1996లో అమెరికాలో ఒక అధ్యయనం చెప్పింది. అది ప్రసవమైన తల్లుల నోళ్లను చూసి తీసిన సంబంధం. చిగుళ్ల వ్యాధి పేదరికంతో, పొగతో కలిసి తిరుగుతుంది. నెలలు నిండని కాన్పూ అంతే. ఒకటి రెండోదానికి కారణమా, లేక రెండూ ఒకే చెట్టు కొమ్మలా అన్నది అలా చూస్తే తేలదు. 2006లో వెలువడిన మరో అమెరికా ప్రయోగం 823 మంది గర్భిణులను లాటరీ పద్ధతిలో రెండు వర్గాలు చేసింది. సగం మందికి 21వ వారం లోపే చిగుళ్లకు లోతైన శుభ్రత చేశారు. మిగతా సగానికి కాన్పు తర్వాత చేశారు. నెలలు నిండని కాన్పులు మొదటి వర్గంలో 12 శాతం, రెండో వర్గంలో 12.8 శాతం. చిగుళ్లు బాగుపడ్డాయి, కాన్పు తేదీ మాత్రం కదల్లేదు. చికిత్స వల్ల తల్లికీ బిడ్డకూ హాని లేదని తేలడం ఇందులో చిన్న లాభమేమీ కాదు.

మధుమేహం విషయంలో కథ అడ్డం తిరిగి మళ్లీ దారిలో పడింది. 2013లో 514 మంది మీద జరిగిన అమెరికా ప్రయోగంలో చిగుళ్ల చికిత్స వల్ల మూడు నెలల సగటు చక్కెర తగ్గలేదు. చికిత్స తర్వాత కూడా ఆ రోగుల నోట్లో పాచి, రక్తస్రావం చాలానే మిగిలాయని, అసలు చిగుళ్లే సరిగా నయం కానప్పుడు చక్కెర ఎలా తగ్గుతుందని విమర్శకులు నిలదీశారు. 2018లో లండన్‌లో 264 మందితో, మరింత గట్టి చికిత్సతో చేసిన ప్రయోగంలో ఏడాది చివర ఆ సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 0.6 పాయింట్లు తక్కువగా తేలింది. జరిగిన ప్రయోగాలన్నిటినీ కలిపి తూచే 2022 నాటి కాక్రేన్ సమీక్ష మూడు నాలుగు నెలలకు 0.43 పాయింట్ల తగ్గుదల ఉందని లెక్క కట్టింది. చక్కెరకు మరో మాత్ర చేర్చే ముందు చిగుళ్లు చూడటం మంచిదనడానికి ఈ అంకె చాలు. పత్రికల్లో కనిపించే ‘పళ్లు తోమితే గుండెపోటు రాదు’ తరహా శీర్షికలకు మాత్రం ఇలాంటి అండ లేదు.

పిప్పిపన్ను దగ్గరికి వస్తే పోలిక మరింత చేదుగా ఉంటుంది. స్వీడన్‌లోని లుండ్ నగరంలో విపెహోల్మ్ అనే ఆస్పత్రి ఉండేది. తీవ్రమైన బుద్ధిమాంద్యం ఉన్నవారిని అక్కడ ఉంచేవారు. 1940ల రెండో సగంలో అక్కడి 436 మంది మీద చక్కెర ప్రయోగం జరిగింది. కొందరికి భోజనంతోపాటు చక్కెర ఇచ్చారు. కొందరికి భోజనాల మధ్య, పళ్లకు అంటుకుపోయేలా ప్రత్యేకంగా చేయించిన టాఫీలు ఇచ్చారు. ఒక వర్గానికి రోజుకు 24. ఖర్చులో కొంత మిఠాయి, చాక్లెట్ పరిశ్రమ భరించింది. ఆ రోగులు ఒప్పుకునే స్థితిలో లేరు. మనిషి ఇష్టపూర్వక సమ్మతి లేకుండా ప్రయోగం చేయరాదని నూరెంబర్గ్ నియమావళి చాటిన 1947 తర్వాత కూడా టాఫీల పంపిణీ నడిచింది.

ఫలితాలు 1954లో వెలువడ్డాయి. భోజనంతో తిన్న చక్కెర పళ్లను పెద్దగా చెడగొట్టలేదు. మధ్య మధ్యలో నమిలిన జిగట టాఫీలు పళ్లను తినేశాయి. టాఫీలు ఆపేయగానే కొత్త పుచ్చులు తగ్గిపోయాయి. ఎంత తిన్నామన్నదాని కంటే ఎన్నిసార్లు తిన్నాం, ఎంతసేపు పళ్లను అంటుకుని ఉంది అన్నవే ముఖ్యమని తేలింది. తీపి తగలగానే పాచిలోని సూక్ష్మజీవులు ఆమ్లం చేస్తాయి. పీహెచ్ 5.5 కంటే కిందికి పడితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని తిరిగి పైకి లాగడానికి అరగంటో ఇంకాస్తో పడుతుంది. పండగ పూట ఒకే పంక్తిలో కూర్చుని ఐదు బొబ్బట్లు లాగించినవాడికి ఒక్కసారే ఆమ్లం దెబ్బ తగులుతుంది. ఆఫీసులో గంటకో చక్కెర టీ, మధ్యలో బిస్కెట్టు తినేవాడి పళ్లకు రోజంతా తెరిపి ఉండదు. స్వీడన్‌లో పిల్లలకు శనివారం మాత్రమే మిఠాయి పెట్టే అలవాటు ఈ ఫలితాల నుంచే పెరిగింది. విపెహోల్మ్ వాసుల పళ్లకు దక్కిందేమీ లేదు.

ఫ్లోరైడ్ కథలో పోలికగా పెట్టుకున్న ఊరే తిరగబడింది. 1945 జనవరిలో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణం తాగునీటిలో లీటరుకు సుమారు ఒక మిల్లీగ్రాము ఫ్లోరైడ్ కలపడం మొదలుపెట్టింది. పక్కనున్న మస్కెగన్ పట్టణాన్ని ఏమీ కలపకుండా పోలికకు ఉంచారు. 15 ఏళ్లు చూడాలన్నది ప్రణాళిక. గ్రాండ్ ర్యాపిడ్స్ పిల్లల పళ్లు మెరుగుపడుతున్నాయని తెలిశాక మస్కెగన్ ఆగలేదు. 1951లో తానూ ఫ్లోరైడ్ కలుపుకుంది. శాస్త్రానికి అది నష్టమే గానీ ఊరివాళ్లను తప్పు పట్టేవాడెవడు? ఫ్లోరైడ్ కలిపాక పుట్టిన గ్రాండ్ ర్యాపిడ్స్ పిల్లల్లో పిప్పిపళ్లు 60 శాతానికి పైగా తగ్గాయి. అంత లాభం ఇప్పుడు రాదు. ఫ్లోరైడ్ పేస్టు ఇంటింటికీ చేరిన కాలానికి, అంటే 1975 తర్వాతి అధ్యయనాలకు, నీటి ఫ్లోరైడ్ వల్ల ఒక్కో పిల్లవాడికి సగటున పావు పన్ను మాత్రమే దక్కుతోందని 2024 కాక్రేన్ సమీక్ష చెప్పింది. ఎదుటి వర్గం మారితే ఫలితమూ మారుతుంది.

ఈ వాదనంతా నల్లగొండ, ప్రకాశం జిల్లాల పాఠకులకు పరాయిగా తోచడం సహజం. ఇక్కడ నేలే అడగకుండా అతి మోతాదు పోసింది. ఎముకల ఫ్లోరోసిస్ గురించి మన దేశంలో తొలి నివేదిక 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచే వచ్చింది. నీటిలోంచి ఫ్లోరైడ్‌ను తీసేయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు వాడే పద్ధతికి ప్రపంచ సాహిత్యంలో ఉన్న పేరు నల్లగొండ పద్ధతి. అమెరికా ఊరి ఫలితాన్ని మన బోరు నీటికి అన్వయించకూడదనడానికి ఇంతకంటే దగ్గరి సాక్ష్యం అక్కర్లేదు.

పోలికను అందంగా పరిష్కరించిన ప్రయోగమూ ఉంది. స్కాట్లండ్ దంతవైద్యురాలు నోర్నా హాల్ పిల్లల పాలపళ్లలో పుచ్చును తొలిచేది కాదు. మత్తు సూది, డ్రిల్లు లేకుండా పుచ్చు పన్ను మీద స్టీలు తొడుగు అతికించేది. లోపల చిక్కుకున్న సూక్ష్మజీవులకు తిండి అందదు, పుచ్చు ఆగిపోతుంది. పుచ్చును మిగల్చడం పాపమని నేర్చుకున్న వైద్యులకు ఇది మింగుడు పడలేదు. 2007లో వెలువడిన ప్రయోగంలో 132 మంది పిల్లల్లో ఒక్కొక్కరివి రెండు దవడ పళ్లు తీసుకున్నారు. ఒకదానికి తొడుగు, ఇంకోదానికి మామూలు పద్ధతిలో ఫిల్లింగ్. ఏ పంటికి ఏది అన్నది లాటరీ. పోలికకు ఇంకో పిల్లవాడు అక్కర్లేదు, అదే నోట్లో అవతలి పన్ను చాలు. ఐదేళ్లకు నొప్పి, చీము లాంటి పెద్ద వైఫల్యాలు తొడుగు వేసిన పళ్లలో 3 శాతం, ఫిల్లింగ్ పళ్లలో 16.5 శాతం.

నోటి కణితుల పరిశోధనలో మొదటి పెద్ద అడుగులు పడిన నేలల్లో శ్రీకాకుళం ఒకటి. ఉత్తరాంధ్ర తీరంలో, ముఖ్యంగా ఆడవాళ్లు, చుట్టను తిరగేసి నిప్పు ఉన్న కొనను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది. అడ్డపొగ అంటారు. పెదాలు మూసే ఉంటాయి, చేతులు పని చేసుకుంటూనే ఉంటాయి. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబారి, దాని మీద లాలాజల గ్రంథుల నోళ్లు ఎర్రటి చుక్కల్లా తేలుతాయి. మిగతా దేశంలో నోటి రాచపుండు బుగ్గకో నాలుకకో వస్తే ఇక్కడ అంగిలికి రావడం వైద్యుల కంట పడింది. 1971లో అచ్చయిన అధ్యయనం శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది అంగిళ్లను చూసింది. ఆ తర్వాత శ్రీకాకుళం, కేరళలోని ఎర్నాకుళం, గుజరాత్‌లోని భావనగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందారులకు మానేయమని నచ్చజెప్పి చూశారు. 1986లో ఫలితాలు వచ్చాయి. క్యాన్సర్‌కు ముందు వచ్చే మచ్చలు కొత్తగా పుట్టడం తగ్గింది. ఇక్కడ పోలికకు ఎవరినీ వదిలేయలేదు. అంతకు ముందు అవే ప్రాంతాల్లో సేకరించిన పాత లెక్కలతో పోల్చారు. పాత లెక్కతో పోలిక కాస్త బలహీనమే. మధ్యలో కాలం కూడా మారి ఉంటుంది కదా. అయినా మానేయమని ఒకరికి చెప్పి పక్కింటావిడకు చెప్పకుండా ఉండటం కంటే నయం.

కేరళలోని తిరువనంతపురం ప్రయోగానికి మాత్రం కొందరిని పోలికకు వదిలేయక తప్పలేదు. 1996లో మొదలైన ఈ అధ్యయనంలో 13 పంచాయతీలను లాటరీతో విడదీశారు. ఏడింటిలో శిక్షణ పొందిన కార్యకర్తలు ఇంటికి వెళ్లి, 35 ఏళ్లు దాటినవారి నోట్లోకి టార్చి వేసి చూశారు. వారు డాక్టర్లు కారు, మామూలు డిగ్రీ చదివినవారు. ఆరు పంచాయతీల్లో ఎవరూ చూడలేదు. మొత్తం 1,91,873 మంది. 2005 నాటి లెక్కల్లో మొత్తం జనంలో మరణాల తేడా నమ్మదగినంత గట్టిగా తేలలేదు. పొగాకు, మద్యం అలవాటున్నవారిలో మాత్రం నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తక్కువ. అందరినీ చూడటం కన్నా అలవాటున్నవారిని వెతికి చూడటమే తెలివైన ఖర్చని ఇందులోంచి చదువుకోవచ్చు. మన దేశంలో 30 ఏళ్లు దాటినవారికి జరిపే క్యాన్సర్ పరీక్షల్లో నోటిని కళ్లతో చూసి పరీక్షించడం చేరింది. ఆరు పంచాయతీల్లో చూడకుండా ఉండిపోయినవారి మాట ఎవరూ ఎత్తరు. కార్యకర్త కంటి చూపుకు ప్రాణాలు కాపాడే బలం ఉందని అప్పటికి రుజువు లేదన్నది సమాధానం. ఆ సమాధానంలో నిజం ఉంది, సౌకర్యమూ ఉంది.

నిజంగా ఎవరికీ తెలియని ప్రశ్నకు మంచి ఉదాహరణ ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రి చేసిన ప్రయోగం. నాలుక మీదో బుగ్గలోనో చిన్న కణితి. మెడ తడిమితే బిళ్ల ఏదీ చేతికి తగలదు. కణితిని కోసేటప్పుడే మెడలోని లింఫు గ్రంథులనూ తీసేయాలా, లేక వేచి చూసి బిళ్ల కట్టినప్పుడు తీయాలా? తీస్తే భుజం బలహీనపడొచ్చు, మెడ మీద పెద్ద గాటు. తీయకపోతే కంటికి కనిపించని కణాలు అక్కడే పెరగొచ్చు. శస్త్రవైద్యులు దశాబ్దాలు వాదించుకున్నారు. 2004 నుంచి 2014 దాకా 596 మందిని చేర్చుకుని, మొదటి 500 మంది లెక్కలు చూసేసరికే తేడా స్పష్టమైంది. మెడ గ్రంథులను ముందే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం బతికి ఉన్నారు. వేచి చూసినవారిలో 67.5 శాతం. ఎనిమిది మందికి ముందుగా మెడ ఆపరేషన్ చేస్తే ఒక ప్రాణం అదనంగా నిలుస్తుందన్నమాట. వేచి చూసిన 255 మందికి దక్కింది ఆనాటికి తప్పు అనిపించుకోని చికిత్సే. విపెహోల్మ్ టాఫీకి ఈ సమర్థన లేదు.

అదే ఆస్పత్రి నుంచి 2023లో వచ్చిన ఫలితాన్ని మాత్రం జాగ్రత్తగా చదవాలి. ముదిరిన తల, మెడ క్యాన్సర్లకు నివోలుమాబ్ అనే సూది మందు ఉంది, అది శరీర రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పుతుంది. రెండు వారాలకు 240 మిల్లీగ్రాములు మామూలు మోతాదు. ఆ ధర మన రోగుల్లో అత్యధికులకు అందదు. మూడు వారాలకు 20 మిల్లీగ్రాములే ఇచ్చి, చవకైన మాత్రల చికిత్సకు జోడించి 151 మందిలో చూశారు. ఏడాదికి బతికి ఉన్నవారు మాత్రలతో మాత్రమే 16.3 శాతం, సూది కూడా ఇస్తే 43.4 శాతం. గొప్ప ఫలితం. కానీ దీన్ని పూర్తి మోతాదుతో పోల్చలేదు. చిన్న మోతాదు పెద్ద మోతాదుకు సమానమని ఆ ప్రయోగం చెప్పలేదు, ఆ ప్రశ్న అడగనే లేదు. ఏమీ కొనలేనివాడికి ఎదుట ఉన్న రెండు దారుల్లో ఏది మేలన్నదే అక్కడి పోలిక. ఆ రోగికి కావలసిన ప్రశ్న అదే కావచ్చు.

పన్ను, చిగురు, కణితి మూడూ కలిసేది రేడియేషన్ తీసుకున్న దవడ దగ్గర. కిరణాలు లాలాజల గ్రంథులను ఎండగడతాయి. నోరు పొడిబారి పళ్లు మొదళ్ల దగ్గర గొడ్డలి పెట్టినట్టు పుచ్చుతాయి. గ్రంథులను తప్పించి కిరణాలు వేసే పద్ధతితో ఏడాది తర్వాత నోరు బాగా ఎండినవారు 74 నుంచి 38 శాతానికి తగ్గారని 2011లో బ్రిటన్ ప్రయోగం చూపింది. అయినా పుచ్చిన పన్ను పీకాల్సి వస్తే అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. రక్తప్రసారం తగ్గిన దవడ ఎముకలో గుంట మానదు. ఎముక బయటపడి కుళ్లుతుంది.

దీనికి 1985లో అమెరికా వైద్యుడు రాబర్ట్ మార్క్స్ ఒక మార్గం చూపాడు. పీకే ముందూ తర్వాతా రోగిని అధిక పీడనమున్న గదిలో కూర్చోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించడం. పెన్సిలిన్ మాత్రమే ఇచ్చిన 37 మందిలో 11 మందికి ఎముక కుళ్లింది. ఆక్సిజన్ పీల్చిన 37 మందిలో ఇద్దరికే. ఆ అంకెల బలంతో మూడు దశాబ్దాలకు పైగా ఎన్నో దేశాల్లో రోగులు ఆ గదుల్లోకి వెళ్లారు. 2019లో బ్రిటన్ నుంచి 144 మందిని చేర్చుకున్న ప్రయోగం వచ్చింది. రెండు వర్గాలకూ యాంటీబయాటిక్, పుక్కిలించే మందు ఒకటే. ఆక్సిజన్ పీల్చినవారిలో 6.4 శాతానికి, పీల్చనివారిలో 5.7 శాతానికి ఎముక కుళ్లింది. 1985 నాటి 11 మందిని నమూనాగా పెట్టుకుని ఇన్నాళ్లూ చేసిన లెక్క నిలవలేదు. కిరణాలు వేసే తీరు, పన్ను పీకే తీరు మారి మామూలు వైద్యంతోనే చాలామంది దవడలు మానుతున్నాయి. ఆక్సిజన్ గదిలో ఒక్కో విడత సుమారు గంటన్నర, అలాంటివి 30 విడతలు. 5.7 శాతం వర్గంలో పడినవారు ఆ ముప్పై పూటలూ ఇంట్లోనే ఉన్నారు.